రోగి ఇప్పుడున్న చోటు

మార్చి 3, సోమవారం

తాళాల తాత ఇవాళ తాళంచెవి సగం తిప్పాడు. సగమే. అయినా స్క్రీన్ ఇవతల నేను చప్పట్లు కొట్టాను. గోడ అవతల వంటింట్లో అత్తయ్య కూడా కొట్టింది.

ఇంటి వెనక గదిలోంచి వీడియో సెషన్లు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నా రోగులందరూ గొంతుల ద్వారా అత్తయ్యకి పరిచయం. తాత వేళ్ళు ముడిచి తెరుస్తుంటే ఆవిడ కూడా అక్కడ ముడిచి తెరుస్తుంది. నీకు నొప్పి మోకాళ్ళల్లో కదా, వేళ్ళ వ్యాయామం ఎందుకు అంటే, ఊరికే వస్తున్నదాన్ని వదులుకోవడం ఎందుకమ్మా అంది.

తాతకి అరవై ఎనిమిది. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి బతికాడు. నవంబరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నడక ఫిజియోవాళ్ళు తెప్పించారు, చెయ్యి నాకు వదిలారు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, సంతకం పెట్టడం మళ్ళీ నేర్పేదాన్ని. ఎన్నిసార్లు చెప్పినా తాత ఫిజియో మేడం అనే పిలుస్తాడు. చెప్పి చెప్పి నాకే విసుగొచ్చి ఊరుకున్నాను.

మొదటిరోజే అడిగాను, మీకు ఏ పని చేతికి రావాలని. చొక్కా సంగతి కూతురు చూసుకుంటుంది, నాకు తాళం తిప్పడం కావాలి అన్నాడు.

మార్చి 5, బుధవారం

ఆడిట్ అయింది. నా ఫారాల్లో ఒక్క తప్పు కూడా లేదట. మేనేజర్ గారు అందరి ముందూ చెప్పారు. సాయంత్రం దాకా నేలమీద నడవలేదు నేను.

ప్రతి సెషన్ ముందూ నాలుగు గళ్ళు నింపాలి. రోగి పేరు. రోగి ఇప్పుడున్న చోటు, పూర్తి చిరునామాతో. పక్కన ఎవరున్నారు. ఫోను తెగిపోతే ఎవరికి చేయాలి. చిరునామా గడి కింద ఒక చిన్న బటన్ ఉంటుంది, ‘గత సెషన్‌లో ఉన్నట్టే’ అని. మావాళ్ళు చాలామంది ఏమీ అడక్కుండా అది నొక్కేస్తారు. నేను మాత్రం ప్రతిసారీ అడుగుతాను. నిన్న చెప్పాను కదమ్మా అని రోగులు చిరాకు పడినా అడుగుతాను.

ఇది చదువుకుంటే నాకే ఏదోలా ఉంది. గొప్పలు చెప్పుకోవడానికి కూడా డైరీయే దొరికిందా.

మార్చి 10, సోమవారం

తాత స్క్రీన్ మీదికి వచ్చాడు. వెనక గోడ మారిపోయింది. మేకులకి వేలాడే తాళంచెవుల గుత్తులు లేవు. లేతనీలం గోడ, కొత్త కర్టెన్. రెండో ప్రశ్న అడిగాను. మా అమ్మాయి ఇంటికి వచ్చేశానమ్మా, వంతెన అవతల, అయిదో అంతస్తు, ఇక్కణ్ణుంచి చూస్తే మన ఊరంతా కనిపిస్తోంది అన్నాడు. గొంతులో ఎంత సంబరమో.

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. వంతెన అవతల వేరే రాష్ట్రం. నేను ఏ కుర్చీలో కూర్చున్నానన్నది కాదు లెక్క, రోగి ఏ కుర్చీలో కూర్చున్నాడన్నది. ఆ కుర్చీ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్స్ నాకు ఉండాలి. లేదు.

సెషన్ ఆపేశాను. ఎందుకో విడమరిచి చెప్పాను. అంతా విని, అయితే వంతెన దాటేసరికి నా చెయ్యి వేరేవాళ్ళదై పోయిందా మేడం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మార్చి 12, బుధవారం

మేనేజర్ గారు కుదరదన్నారు. నాకూ తెలుసు కుదరదని. అవతల రాష్ట్రం లైసెన్సుకి ఇవాళే అప్లికేషన్ పెట్టాను. రెండు మూడు నెలలు పడుతుందట. తాత కూతురు అక్కడి ఆసుపత్రిలో కనుక్కుంది. చేతికి చూసేవాళ్ళు ఉన్నది ఒక్కరేనట, మే నెలదాకా ఖాళీ లేదట.

పక్షవాతం వచ్చాక మొదటి ఆరునెలలే చెయ్యి మన మాట వినేది. ఆ తర్వాత మొండికేస్తుంది. తాతకి నాలుగో నెల నడుస్తోంది.

మార్చి 17, సోమవారం

కూతురు ఉపాయం కనిపెట్టింది. వంతెన దిగగానే ఇవతల పెట్రోలు బంకు ఉంది, దాని పక్కన కార్లు ఆపుకునే జాగా. తాతని కార్లో ఎక్కించుకుని అక్కడికి తెచ్చింది. రెండో గడిలో పెట్రోలు బంకు చిరునామా రాశాను. నూటికి నూరుపాళ్ళు రూలు ప్రకారం.

తాతని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఫోను స్టీరింగుకి ఆనించి, కారు తాళంచెవితోనే వ్యాయామం చేయించాను. ముప్పావు వంతు తిప్పాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. వెనక సీట్లో కూతురు కెవ్వుమంది. ఎవరో హారన్ కొట్టి తిట్టారు. తాత ఇటునుంచి ఆ తిట్టుకి రెట్టింపు తిట్టాడు. ఇక్కడ అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇంత మంచి సెషన్ ఈ ఏడాదిలో లేదు.

మార్చి 24, సోమవారం

వాన. కార్లో అద్దాలు మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు. తాతకి దగ్గు పట్టుకుంది. కూతురు మొహం పీక్కుపోయింది. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్, ఉదయం డ్యూటీ. ఇప్పటికే మూడుసార్లు మధ్యలో లేచి వచ్చేసిందట. ఇంకోసారి వస్తే ఊరుకోనని ఇన్‌ఛార్జి చెప్పేశాడట. ఇక మావల్ల కాదు మేడం, మీ మేలు మర్చిపోం అంది.

మర్చిపోం అంటున్నారంటే వెళ్ళిపోతున్నారనే కదా.

మార్చి 26, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

ఉదయం నేనే తాతకి ఫోన్ చేశాను. ఇంట్లోంచే చేద్దాం అన్నాను. నేను ఎక్కడున్నారని అడుగుతాను, మీరు మా ఇంట్లోనే అనండి చాలు అన్నాను. ఏ ఇల్లని నేను అడగను. అబద్ధం కూడా కాదు కదా మేడం, ఇదీ మా ఇల్లే అన్నాడు తాత. మేమిద్దరం నవ్వుకున్నాం.

కూతురు మధ్యాహ్నం ఫోన్ చేసి, ఇది ఫరవాలేదా మేడం, రూలు ఒప్పుకుంటుందా అని అడిగింది. అంతా నేను చూసుకుంటాను అన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

కొత్త ఇంటి చిరునామా కావాలనే అడగలేదు. అడిగితే రాయాలి. రాస్తే ఆపాలి. రెండో గడిలో పాత ఇంటి చిరునామానే రాశాను.

తాత కోసమే చేశాను. ఆ ముప్పావు వంతుని పూర్తి తిప్పు చేశానని నలుగురిలో చెప్పుకోవాలనీ ఉంది నాకు. రెండూ నిజమే. ఏది ఎంతో నాకే తెలియదు.

మార్చి 28, శుక్రవారం

‘గత సెషన్‌లో ఉన్నట్టే.’ నొక్కాను. తాత పాత ఇంటి చిరునామా వచ్చి కూర్చుంది.

ఏప్రిల్ 2, బుధవారం

తిరిగింది! పూర్తిగా! చిన్న తాళం, టక్కుమని తెరుచుకుంది. తాత ఆ తాళాన్ని కెమెరాకి ఎంత దగ్గరగా పెట్టాడంటే స్క్రీన్ అంతా ఇత్తడే. కళ్ళు తుడుచుకుంటున్నాడని గొంతును బట్టి తెలిసింది.

కూతురు డ్యూటీకి వెళ్ళింది, ఇంట్లో తాత ఒక్కడే. మూడో గడిలో ‘కూతురు’ అని రాశాను. కూర్చుని చేసే వ్యాయామాలే కదా, ఏమవుతుంది.

రాత్రి అన్నాలప్పుడు అత్తయ్య అడిగింది, ఈ మధ్య ఆ పెద్దాయన్ని ఎక్కడున్నారని అడగడం లేదేం అని. మాట మార్చాను.

ఏప్రిల్ 9, బుధవారం, సాయంత్రం 6

తాత పడిపోయాడు.

చిన్న తాళం అయిపోయింది కదా, పెద్దది తెచ్చుకోండి అన్నాను. అలమారలో ఉందట. లేచాడు. స్క్రీన్లోంచి పక్కకి వెళ్ళాడు. పెద్ద చప్పుడు. ఫోను కూడా కిందపడి నాకు సీలింగ్ ఫ్యాను మాత్రమే కనిపించింది.

కదలకండి అని చెప్పి, వెంటనే మ్యూట్ నొక్కి ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. చిరునామా అడిగారు. ఎదురుగా స్క్రీన్ మీద ఉన్నది చదివేశాను. పాత ఇల్లు. ఆ కంగారులో అలవాటుగా చదివేశాను. తర్వాత కూతురికి చేశాను, ఎత్తలేదు. తప్పు తెలుసుకుని వెంటనే మళ్ళీ ఎమర్జెన్సీకి చేసి, కాదు, వంతెన అవతల అని చెప్పాను. అవతలవాళ్ళకి లైను కలపడానికే కొంతసేపు పట్టింది. వాళ్ళు మళ్ళీ చిరునామా అడిగారు. నాకు తెలియదు. తాతకీ తెలియదు, వచ్చి నెలే కదా. నేలమీద పడుకునే ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని చెప్పాడు. నీళ్ళ ట్యాంకు. పసుపు గేటు. అయిదో అంతస్తు. ఏ బ్లాకు అంటే గుర్తులేదన్నాడు.

అంబులెన్సు వెళ్ళేసరికి పన్నెండూ పది. తుంటి ఎముక విరిగింది.

మొదటి బండి పాత ఇంటికి వెళ్ళిందట. తాళం వేసి ఉంది. లోపల మనిషి పడి ఉన్నాడనుకుని బద్దలు కొట్టబోయారట. కబురు అందేదాకా కొడుతూనే ఉన్నారట, ఊడలేదట. తాత చేతితో బిగించిన తాళం అది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడివైపే. మూడువారాలు మంచం దిగకూడదు.

కూతురు ఏడుస్తూ, మీరు ఆ సమయానికి లైన్లో ఉండబట్టి సరిపోయింది మేడం అంది. మీ దయ అని కూడా అంది.

ఏప్రిల్ 14, సోమవారం

మేనేజర్ గారు పిలిచారు. లైసెన్స్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది, రెండు రాష్ట్రాల మధ్య బండి తప్పుదారి ఎందుకు పట్టిందని. ఆయన నా ఫారాలన్నీ ప్రింటు తీసి బల్లమీద పరిచారు. రోగి ఎక్కడున్నానని చెబితే మనం అదే రాశాం, మనకి జ్యోతిషం తెలియదు కదా అన్నారు. ‘రోగి తెలిపిన ప్రకారం నమోదు చేయబడినది’ అని కింద ఒక వాక్యం టైపు చేసి ఉంచారు. సంతకం నా కోసం ఖాళీ.

పెట్టాను.

బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాను. చేతిలో పెన్ను అలాగే ఉంది, ఆయనదే. తిరిగి ఇవ్వడానికి లోపలికి వెళ్ళే మొహం లేదు.

ఏప్రిల్ 21, సోమవారం

బోర్డు మనిషి ఆసుపత్రికి వెళ్ళి తాతని అడిగారట. కూతురు చెప్పింది.

తాత ఏమన్నాడో తెలుసా. తప్పంతా నాదే బాబూ, మేడం ప్రతిసారీ అడిగేది, నేనే పాత ఇంట్లో ఉన్నానని బొంకాను, ఆవిణ్ణి ఏమీ అనకండి అన్నాడట. కూతురికి కోపం తండ్రి మీద. నేను చూసుకుంటానన్నాను కాబట్టి అనుమతి తెచ్చాననీ, అడిగినప్పుడు తండ్రే పాత చిరునామా చెప్పి అంతా చెడగొట్టాడనీ అనుకుంది ఆవిడ. ఈ వయసులో అబద్ధాలేమిటి, ఆవిడ ఉద్యోగం పోయేది కదా అని వారం నుంచీ సరిగా మాట్లాడటం లేదట. నాన్న తరఫున క్షమించండి మేడం అంది నాతో.

నాతో.

ఏప్రిల్ 23, బుధవారం

తొమ్మిదో తారీఖున ‘వెంటనే’ అని రెండుసార్లు రాశాను. మొదటి వెంటనే నిజం. రెండోది కాదు.

ఫోన్లో టైములున్నాయి. మొదటి కాల్ 11:22. కూతురికి 11:24. రెండో కాల్ 11:31. మధ్యలో ఏమీ లేదు. ఏడు నిమిషాలు.

పాత చిరునామా చదివిన మరుక్షణమే తెలుసు నాకు, అది తప్పని. కూతురు ఫోను ఎత్తనప్పుడూ తెలుసు. మళ్ళీ చేసి వంతెన అవతల అంటే, ఎందుకు రాయలేదని అడుగుతారు. ఆ ఏడు నిమిషాలూ నేను ఫారం తెరిచి కూర్చున్నాను. రెండో గడిలో ఉన్నది చెరిపాను. కొత్తది రాయబోతే ఏం రాయాలో తెలియదు, నేనే అడగలేదు కదా. మళ్ళీ పాతదే పెట్టాను. సేవ్ నొక్కాను. 11:29.

ఆ సేపంతా తాత పిలుస్తున్నాడు. మేడం, ఉన్నారా? నేను మ్యూట్‌లో ఉన్నాను. ఆయన మాట నాకు వినిపిస్తోంది. మేడం, ఉన్నారా? నాలుగుసార్లు. లెక్కపెట్టాను. మనిషి పడిపోయి పిలుస్తుంటే ఎన్నిసార్లని లెక్కపెట్టానే కానీ పలకలేదు.

నన్ను కదిలించింది అత్తయ్య. తలుపు తోసుకుని వచ్చి, ఏంటమ్మా, పాపం ఆ పెద్దాయన అంతలా పిలుస్తుంటే పలకవేం అంది. అప్పుడు ఫోను అందుకున్నాను.

రెండువారాలుగా ఆవిడ ఈ సంగతి ఎత్తలేదు. వేళ్ళ వ్యాయామం మాత్రం మానేసింది.

ఏప్రిల్ 24, గురువారం

అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. చివర్న, నాకెందుకు చెప్తావమ్మా, నేను విన్నదే కదా, విననివాళ్ళకి చెప్పు అంది.

తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 25, శుక్రవారం

బోర్డుకి ఉత్తరం పంపాను. ఒక పేజీ. తాత బొంకలేదని, బొంకమన్నది నేనని, కొత్త చిరునామా కావాలనే అడగలేదని, మూడో గడి కూడా అబద్ధమని, ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఏడు నిమిషాలూ రాశాను. బోర్డు అడగని సంగతి అది. మేనేజర్ గారు కాపీ చూసి తల పట్టుకున్నారు. అడగనిది ఎవరైనా చెబుతారా తల్లీ అన్నారు. కోపం కంటే జాలే ఎక్కువగా ఉంది ఆయన గొంతులో. ఆ జాలి భరించలేకపోయాను.

తర్వాత కూతురికి ఫోన్ చేశాను. ఇది కష్టం. ఉత్తరం రాస్తున్నప్పుడు బోర్డుకి మొహం ఉండదు. ఆవిడకి ఉంది.

మొత్తం విన్నది. అయ్యాక, ఎన్ని నిమిషాలన్నారు అని అడిగింది. ఏడు అన్నాను. నేను మా నాన్నని నెలరోజులుగా తిడుతున్నాను అని, లేదు, పదిరోజులు అని తనే దిద్దుకుంది. పెట్టేసింది.

ఏప్రిల్ 30, బుధవారం

అవతల రాష్ట్రం లైసెన్స్ మంజూరైందని ఉత్తరం. అభినందనలు అని కూడా రాశారు.

మే 19, సోమవారం

బోర్డు తీర్పు వచ్చింది. ఎనిమిది నెలలు సస్పెన్షన్. వంతెనకి ఇటూ అటూ రెండు లైసెన్సులూ. తేలికగా వదిలారన్నారు మేనేజర్ గారు. నా రోగులందర్నీ వేరేవాళ్ళకి పంచేశారు. వెనక గదిలో కెమెరా తీసేసి సర్దుతుంటే తాత కోసం కొన్న తాళాల పెట్టె దొరికింది. పార్సెల్ చేసి పంపిద్దామనుకున్నాను. చిరునామా లేదు.

ఇప్పటికీ లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయారన్నారు. కూతురికి రెండుసార్లు మెసేజ్ పెట్టాను, ఎలా ఉన్నారని. చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. నేను పలకనిది ఏడు నిమిషాలు, ఆవిడ పలకనిది మూడున్నర వారాలు. ఆవిడకి హక్కుంది.

మే 27, మంగళవారం

ఆరునెలలు దాటింది ఆ చేతికి.

జూన్ 11, బుధవారం

కూతురి నుంచి మెసేజ్. పలకరింపు లేదు, పేరు లేదు. చిరునామా ఒక్కటే. గేటు, బ్లాకు, అంతస్తు, నంబరు. కింద ఇంకో లైను: ఆదివారం పదకొండింటికి ఆయన మెలకువగా ఉంటారు.

ఎన్నిసార్లు చదివానో. అత్తయ్యకి చూపిస్తే అద్దాలు పెట్టుకుని పైకి చదివింది. నేనూ వస్తాను, ఆ గొంతు మనిషిని ఒకసారి చూడాలి అంది.

జూన్ 15, ఆదివారం, సాయంత్రం

రోగి పేరు: తాళాల తాత.

రోగి ఇప్పుడున్న చోటు: వంతెన అవతల, నీళ్ళ ట్యాంకు ఎదురువీధి, పసుపు గేటు, మూడో బ్లాకు, అయిదో అంతస్తు, పద్నాలుగో నంబరు, కిటికీ పక్కన మంచం.

పక్కన ఎవరున్నారు: కూతురు, కాస్త దూరంగా నిలబడి. అత్తయ్య. నేను.

ఫోను తెగిపోతే: ఫోను లేదు.

చికిత్స: ఇవ్వలేదు. ఇచ్చే హక్కు లేదు. కుడిచెయ్యి బిగుసుకుపోయింది, వేళ్ళు తెరుచుకోవడం లేదు. ఊరికే పట్టుకున్నాను.

రోగి అడిగింది: కళ్ళు మూసుకుని, మేడం, ఉన్నారా?

ఉన్నాను.

నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ పలికాను.